సైకిల్ పార్టులు ఇక్కడి షాపులో కొనాలా, బయటి దేశం నుంచి తెప్పించుకోవాలా?

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. మూడేళ్ల కిందట కొన్న హైబ్రిడ్ సైకిల్. ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. కూకట్‌పల్లి నుంచి రోజూ ఆఫీసుకు తొక్కుతూ 6 వేల కిలోమీటర్లు దాటించారు. ఇప్పుడు గేర్లు జారుతున్నాయి, పెడల్ తొక్కినప్పుడు కింద టకటక శబ్దం వస్తోంది. షాపువాళ్లు చైన్, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి), బాటమ్ బ్రాకెట్ (రెండు పెడళ్ల మధ్య ఇరుసు తిరిగే భాగం), రెండు జతల బ్రేక్ ప్యాడ్లు, వెనక టైరు మార్చాలని చెప్పి, బిగింపు కూలీతో కలిపి 9,800 రూపాయల లెక్క రాసిచ్చారు. అవే సరుకులు యూరప్ సైట్‌లో 6,200కి కనిపిస్తున్నాయి. తెప్పించుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ లిస్టులో ఒక్కటి కూడా బయటి నుంచి తెప్పించకండి. అన్నీ ఇక్కడే కొనండి. ఇంకో మాట, 9,800 మొత్తం పెట్టాల్సిన అవసరం కూడా మీకు లేకపోవచ్చు. అదెలాగో కింద రాస్తాను.

నేను తార్నాకలో ఉంటాను. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లోనే తొక్కుతున్నాను. చలికాలం వస్తే 200, 300 కిలోమీటర్ల బ్రెవేలకు (గడువులోపు తొక్కి పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లకు) వెళ్తుంటాను. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెలిసినవాళ్ల సైకిళ్లు విప్పి బిగించడం అలవాటు. కోఠి పాత షాపుల్లో కొన్నాను, గచ్చిబౌలి వైపు పెద్ద షోరూముల్లో కొన్నాను, బయటి దేశాల నుంచీ చాలాసార్లు తెప్పించుకున్నాను. కాబట్టి ఎవరి పక్షమూ తీసుకోకుండా చెప్పగలననుకుంటున్నాను.

ముందు ధర సంగతి. మీకు స్క్రీన్ మీద కనిపిస్తున్న 6,200 ఇంటికి చేరే ధర కాదు. దానికి షిప్పింగ్ ఓ 1,600 అనుకోండి, 7,800 అయింది. కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీద మాత్రమే వేయరు. షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. ఆ సుంకం కూడా కలిపాక వచ్చిన మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద పడే జీఎస్టీ. రేట్లు బడ్జెట్‌లలో మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున చూసుకోవాలి. మామూలు లెక్క కోసం అన్నీ కలిపి 30 శాతం పడిందనుకుందాం. అదొక 2,340. అంటే 10,140. క్లియరెన్స్ చేసినందుకు కొరియర్ వాళ్ల ఫీజు వేరు, ఆ ఫీజు మీద జీఎస్టీ వేరు. మన కార్డుతో యూరోల్లో కట్టినందుకు బ్యాంకు 2 నుంచి 3.5 శాతం దాకా తీసుకుంటుంది. అన్నీ కలిపితే పదిన్నర వేలు దాటుతుంది. ఇందులో బిగింపు కూలీ లేదు. మీ షాపు వాళ్లు చెప్పిన 9,800లో అది ఉంది.

"మా ఫ్రెండ్‌కి సగం ధరకే వచ్చింది" అనేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. 2012 నుంచి 2019 దాకా నేనూ అలాగే తెప్పించుకున్నాను. ఉత్తర ఐర్లాండ్‌లోని చైన్ రియాక్షన్ సైకిల్స్ అనే ఆన్‌లైన్ షాపు నుంచి మన ఊళ్లో సగం మందికి పార్సిళ్లు వచ్చేవి. వాళ్ల దేశపు వ్యాట్ తగ్గేది, చిన్న కవర్లు చాలాసార్లు సుంకం లేకుండానే చేతికొచ్చేవి. 5 వేల రూపాయల లోపు గిఫ్టులకున్న మినహాయింపును 2019 డిసెంబరులో తీసేశారు, రాఖీలకు, ప్రాణాధార మందులకు తప్ప. ఆ చైన్ రియాక్షన్‌ను కలుపుకున్న విగ్గిల్ కంపెనీ 2023 అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. చైనా షాపింగ్ యాప్ అలీఎక్స్‌ప్రెస్‌ను మన ప్రభుత్వం 2020 నవంబరులోనే నిషేధించింది. అప్పటి ధరలు గుర్తుపెట్టుకుని ఇప్పుడు సలహా ఇస్తే కొత్తవాళ్లు నష్టపోతారు. విలువ తక్కువగా రాసి పంపమని అమ్మేవాళ్లను అడగమని కూడా కొందరు చెప్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది తప్పుడు డిక్లరేషన్. పట్టుబడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.

ఇక్కడి ధరల్లో ఈ మధ్య ఒక మంచి మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ షాపువాళ్లు ఇచ్చిన లెక్క పాత రేటుతో వేసిందా, కొత్త రేటుతో వేసిందా అడగండి. పక్కా బిల్లు తీసుకోండి.

అయితే ధర కంటే నేను పెద్దగా చూసేది వేరే ఉంది. పార్టు సరిపోకపోతే ఎవరి దగ్గరికి వెళ్తాను? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఎక్కడ కొనాలో తేలిపోతుంది.

నాకు జరిగింది చెప్తాను. నా రోడ్ బైక్ షిఫ్టర్లు (గేర్లు మార్చే లీవర్లు) షిమానో కంపెనీ పాత 10 స్పీడ్ రకం, అంటే వెనక పది గేర్లవి. వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) అరిగిపోతే యూరప్ నుంచి షిమానోదే టియాగ్రా 4700 మోడల్ తెప్పించాను. బాక్స్ మీద 10 స్పీడ్ అని ఉంది, నా లీవర్ మీదా 10 స్పీడ్ అనే ఉంది. ఇంకేం చూడాలనుకున్నాను. ఆదివారం సాయంత్రం బిగించి కేబుల్ లాగాను. మొదటి రెండు గేర్లు బాగానే పడ్డాయి. మూడోది నొక్కితే చైన్ రెండు పళ్లచక్రాల మధ్య నిలబడి కరకరమంటోంది. స్క్రూ అటు తిప్పాను, ఇటు తిప్పాను. మూడు కుదిరితే ఆరు పడదు, ఆరు కుదిరితే రెండు పడదు. రాత్రి పదకొండింటికి అర్థమైంది, 4700 సిరీస్‌లో ఒక క్లిక్‌కు కేబుల్ లాగే కొలత పాత 10 స్పీడ్ కంటే వేరు. ఎంత సర్దినా రెండూ కలవవు. వాపసుకు రాస్తే సరే పంపండి, పంపే ఖర్చు మీదే అన్నారు. ఆ ఖర్చు డిరైలర్ ధరకు దగ్గరగా ఉంది. కట్టిన సుంకం వెనక్కి తెచ్చుకోవడమూ నాకు తేలిక కాదనిపించింది. చివరికి సగం ధరకు ఎవరికో ఇచ్చేశాను. అదే పార్టు ఇక్కడ కొనుంటే మర్నాడు బాక్స్ పట్టుకెళ్లి "భాయ్, ఇది పడట్లేదు" అంటే అయిపోయేది. అసలు మంచి షాపతను అయితే ముందే నా లీవర్ మోడల్ నంబర్ అడిగేవాడు.

టైర్లలో ఇంకా ఎక్కువ గందరగోళం. మా పక్క ఫ్లాట్ ఆవిడ పాత లేడీస్ సైకిల్‌కు 26 అంగుళాల టైరు కావాలని వాళ్లబ్బాయి ఆన్‌లైన్‌లో 26 ఇంటూ 1.95 తెప్పించాడు. చిన్నదైంది. ఎంత లాగినా రిమ్ మీదికి ఎక్కలేదు. మన దేశీ సైకిళ్ల 26 ఇంటూ 1 3/8 టైరు రిమ్ కొలత 590 మిల్లీమీటర్లు, మౌంటెన్ బైక్ 26 టైరుది 559. ముప్పై ఒక్క మిల్లీమీటర్ల తేడా.  చిన్న టైరు పెద్ద రిమ్‌కు ఎక్కదు. విషయం ఏమిటంటే పాత టైరు పట్టుకుని కోఠి వెళ్తే షాపాయన దాన్ని ఒకసారి చూసి లోపలి నుంచి సరైంది తెచ్చి ఇచ్చాడు, కొలతలు అడగలేదు. మీ సైకిల్ టైరు గోడ మీద 37-622 లాంటి అంకెలు ఉంటాయి. రెండో అంకె రిమ్ కొలత. టైరు కొనేటప్పుడు ఆ రెండో అంకెను నమ్మండి, అంగుళాలను నమ్మకండి. షాపులో తీసుకునేటప్పుడు టైరును వంచి పక్క గోడల్లో సన్న పగుళ్లున్నాయేమో చూడండి. ఏళ్ల తరబడి ఎండ తగిలేలా వేలాడదీసిన టైర్లు కొన్నిచోట్ల అంటగడతారు.

ఇప్పుడు మీ లిస్టుకు వస్తాను. షాపుకు వెళ్లే ముందు ఒక స్టీలు స్కేలు తీసుకోండి, అంగుళాల గీతలున్నది. చైన్‌లో ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టి 12 అంగుళాల దగ్గర చూడండి. చైన్ లింకు అర అంగుళం కాబట్టి కొత్త చైన్‌లో సరిగ్గా 12 దగ్గర ఇంకో పిన్ను నడిమధ్య ఉంటుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగిందంటే అర శాతం సాగింది, చైన్ ఒక్కటి మారిస్తే చాలు. ఎనిమిదో వంతు జరిగిందంటే ఒక శాతం సాగినట్టు. అప్పటికి క్యాసెట్ పళ్లు కూడా ఆ సాగిన చైన్‌కు తగ్గట్టే అరిగిపోయి ఉంటాయి, రెండూ మార్చాల్సిందే. 6 వేల కిలోమీటర్లలో ఒక్కసారీ చైన్ మార్చకపోతే ఈ రెండోదే అయ్యుంటుంది. మధ్యలో ఒకసారి మార్చి ఉంటే క్యాసెట్ మిగలొచ్చు. గేర్లు జారడానికి కేబుల్ బిగువు తప్పడం కూడా కారణం కావచ్చు, దానికైతే పైసా పార్టు అక్కర్లేదు. సైట్ నుంచి తెప్పిస్తే ఏమీ మిగలదు, ఈ స్కేలు మాత్రం డబ్బు మిగల్చొచ్చు.

ఇంకో సంగతి, మీది నిజంగా క్యాసెట్టేనా? 8 స్పీడ్‌లో ఫ్రీవీల్ (పళ్లచక్రాలన్నీ ఒకే ముక్కగా, చక్రం నడిమి హబ్‌కు మరతో బిగించేది) రకం కూడా వస్తుంది. చక్రం ఊడదీసి వెనక పళ్లచక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పట్టే గాడులు పళ్లచక్రాలతోపాటు తిరిగితే క్యాసెట్. అవి కదలకుండా పళ్లచక్రాలు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఈ తేడా తెలియకుండా ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు నా దగ్గరికే ముగ్గురు వచ్చారు.

బాటమ్ బ్రాకెట్ దగ్గర అసలు తొందరపడకండి. టకటక శబ్దం సగం సార్లు దానిది కాదు. పెడల్ వదులైనా, క్రాంక్ (పెడల్‌ను పట్టి ఉంచే చేయి) బోల్టు వదులైనా, సీటు పోస్టు పొడిబారినా అదే శబ్దం వస్తుంది, ఫ్రేము గొట్టాల్లోంచి పాకి కిందినుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. క్రాంక్‌ను పట్టుకుని ఫ్రేము వైపుకు, బయటికి ఊపండి. రెండు క్రాంకులూ కలిసి ఊగితేనే బాటమ్ బ్రాకెట్ పోయినట్టు. మార్చాల్సి వస్తే పాతదాని ఇరుసు పొడవు కొలిచి తీరాలి. మూడు చైన్‌రింగుల (ముందు పళ్లచక్రాల) సైకిళ్లకు 122.5 మిల్లీమీటర్లది తరచుగా కనిపిస్తుంది, 113, 118 కూడా ఉంటాయి. తప్పు పొడవు వేస్తే చైన్ లైను, అంటే ముందు వెనక పళ్లచక్రాల వరుస, పక్కకు పోతుంది. చైన్ వైపు కప్పుకు ఎదురు మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే దిశలో తిప్పితే ఊడుతుంది. ఇంట్లో యూట్యూబ్ చూసి మొదలుపెట్టి మర పాడు చేస్తే ఫ్రేముకే ఎసరు. ఈ పని షాపుకే ఇవ్వండి.

బ్రేక్ ప్యాడ్లకు పాతవి విప్పి ఆకారం పోల్చాలి. డిస్కు మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉందేమో కూడా చూడండి. ఉంటే మెటల్ ప్యాడ్లు వేయకూడదు, డిస్కును తినేస్తాయి.

మరి బయటి నుంచి ఏం తెప్పించుకోవాలి? ఇక్కడ దొరకనివి, తేలికైనవి, నంబరుతో నిక్కచ్చిగా తేల్చగలిగినవి, తొందర లేనివి. ఈ నాలుగూ కలిసినప్పుడే.

డిరైలర్ హ్యాంగర్ దీనికి మంచి ఉదాహరణ. వెనక డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం. ఒక నవంబరులో అనంతగిరి ఎక్కుతుంటే మలుపులో కంకర మీద చక్రం జారి కుడివైపు పడ్డాను. నాకేం కాలేదు, హ్యాంగర్ మాత్రం మెలి తిరిగింది. లేచి పెడల్ వేయగానే డిరైలర్ వెళ్లి చక్రం పుల్లల్లో ఇరుక్కుని ఫట్‌మని విరిగింది. చైన్ తెంపి చిన్నది చేసి, ఒకే గేరు మీద వికారాబాద్ దాకా దిగాను. అక్కడి నుంచి ఒక మిత్రుడి కారు. తర్వాత ఈ ఊళ్లో నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన పాపం రెండు డబ్బాల హ్యాంగర్లు కౌంటర్ మీద బోర్లించి, నా విరిగిన ముక్కను పక్కన పెట్టి ఒక్కోటీ పోల్చి చూశాడు. ఒక్కటీ కలవలేదు. నా ఫ్రేము మోడల్ ఆపేసి చాలా ఏళ్లయింది. చివరికి హ్యాంగర్లే అమ్మే ఒక యూరప్ షాపులో అంచు ఆకారం, రంధ్రాల మధ్య దూరం చూసి పోల్చుకుని మూడు తెప్పించాను. చిన్న కవర్‌లో మూడు వారాల్లో వచ్చాయి. సుంకం కట్టాను, బాధ లేదు. ఇప్పుడు ఒకటి ఎప్పుడూ సీటు కింది సంచీలో ఉంటుంది. మీరు కూడా మీ సైకిల్ హ్యాంగర్ ఒకటి ఇప్పుడే, అది విరగకముందే, సంపాదించి పెట్టుకోండి.

పాత షిఫ్టర్ల లోపలి భాగాలు, ఒక రకం చైన్‌రింగ్, ప్రత్యేకమైన టూలు, ఇవీ అలాంటివే. ముందు బెంగళూరు, పుణె, ముంబైల్లో దిగుమతి చేసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల దగ్గర వెతకండి. సుంకం గొడవ ఉండదు, బిల్లు ఉంటుంది, తేడా వస్తే తెలుగులోనో హిందీలోనో ఫోన్‌లో మాట్లాడొచ్చు. అక్కడా లేకపోతే అప్పుడు విదేశం.

సైకిల్ షాపుల్లోనే అన్నీ దొరకాలని కూడా లేదు. నా వెనక చక్రం హబ్ గరగరమంటే ఒక షోరూములో మొత్తం హబ్ మార్చాలన్నారు. విప్పి చూస్తే బేరింగ్ సీలు మీద 6902 అని ఉంది. 15 లోపల, 28 బయట, 7 మందం. ఇది సైకిళ్ల కోసం పుట్టిన కొలత కాదు, యంత్రాలన్నిటికీ వాడే కొలత. రాణీగంజ్‌లో బేరింగ్ షాపుకు వెళ్లి నంబరు చెప్పాను. దేనికని కూడా అడగలేదు, "ఎన్ని కావాలి?" అన్నారు. రెండు తీసుకుని ఇంటికొచ్చి, పాత సాకెట్ ముక్క పెట్టి మెల్లగా కొట్టి దించాను. ఆ హబ్ ఇప్పటికీ తిరుగుతోంది. బేరింగ్ కోసం యూరప్‌కు ఆర్డర్ పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక్కడి షాపులన్నీ మంచివని చెప్పను. ఒకచోట ప్యాకింగ్ లేని చైన్ ఇచ్చి "అదే సార్, ఒరిజినలే" అన్నారు. రెండు నెలలు తిరక్కుండానే సాగింది. ఇంకోచోట ఒక చైన్‌రింగ్‌కు పూర్తి డబ్బు ముందే కట్టించుకుని మూడు నెలలు తిప్పారు. అప్పటి నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. సీలున్న ప్యాకెట్ నా ముందు తెరవాలి. విప్పిన పాత పార్టు నా చేతికివ్వాలి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వను, తేదీ బిల్లు మీద రాయించుకుంటాను. మంచి షాపువాళ్లు వీటికి ఏమీ అనుకోరు.

చివరిగా మెకానిక్‌ల గురించి ఒక మాట, ఇది నా మనసులో చాలాకాలంగా ఉంది. షాపుకు వెళ్లి అరగంట కూర్చుని, ఏ పార్టు పడుతుందో అంతా చెప్పించుకుని, ఫోటో తీసుకుని బయటికొచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. ఆ పార్టు తీసుకొచ్చి మళ్లీ అదే షాపులో బిగించమంటారు, కూలీ దగ్గర బేరమాడతారు. అది అన్యాయం. కోఠిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన చక్రం పుల్లలను వేలితో మీటి, ఆ శబ్దం విని ఏది వదులో చెప్తారు. చక్రం సరిచేసే మీటరు ఆయన దగ్గర లేదు. ఆయన దగ్గర పెట్టి బాగుచేయించిన చక్రం మీద నేను 600 కిలోమీటర్ల బ్రెవే 40 గంటల గడువులో తొక్కాను. ఒక్క పుల్ల వదులవ్వలేదు. ఆయన తీసుకునే కూలీ మనం ఒక పూట హోటల్‌కు పెట్టే ఖర్చంత ఉండదు. మన పార్టు మనమే తీసుకెళ్లాల్సి వస్తే ముందే అడగండి, "పెద్దాయనా, నేను తెచ్చుకున్నాను, బిగిస్తారా, ఎంత తీసుకుంటారు?" అని. పార్టు అమ్మితే వచ్చే లాభం ఆయనకు పోయింది కాబట్టి కూలీ కొంచెం ఎక్కువ చెప్తే ఇవ్వండి. తర్వాత ఆ పార్టులో లోపం బయటపడితే ఆయన్ను నిలదీయకండి.

మీరు ఈ వారాంతం చేయాల్సింది ఇది. స్కేలుతో చైన్ కొలవండి. క్రాంకులు ఊపి చూడండి. పెడళ్లు, క్రాంక్ బోల్టులు బిగించి శబ్దం పోయిందేమో చూడండి, ఎడమ పెడల్‌కు ఎదురు మర అని మర్చిపోకండి. చక్రం తీసినప్పుడు పళ్లచక్రాల మీద చెక్కిన అంకెలు, డిస్కు మీది రాత, టైరు గోడ మీది అంకెలు, హ్యాంగర్ రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టండి. మీ షాపువాళ్ల లెక్కలో ఏది అవసరమో, ఏది తీసేయొచ్చో ఒక్కోటీ చూసి చెప్తాను.